మూడు ప్రభలు, ఒకే దరువు

ఆ బీటు ఎవరు కట్టారని ఇప్పటికీ నన్ను ఆపి అడిగేవాళ్ళున్నారు. నరసరావుపేట బస్టాండులో టీ తాగుతుంటే ఒకడు, మసీదు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఇంకొకడు. అందరూ కుర్రాళ్ళే. ఫోన్లో బీట్లు కట్టుకునేవాళ్ళు, ఇంట్లో దుప్పటి కప్పుకుని గొంతు రికార్డు చేసుకునేవాళ్ళు. "భాయ్, ఆ ఫైలుంటే పంపరాదా" అంటారు. ఫైలిస్తే ఏం చేస్తారర్రా? మీకు కావాల్సింది అందులో లేదు. అదేమిటో చెబుతాను, కూర్చోండి. కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఉద్యోగమంతా హెడ్‌ఫోన్ల కింద నలిగిన చెవులు నావి. ఎడమది ఎప్పుడో రాజీనామా ఇచ్చేసింది.

నాది గొప్ప స్టూడియో ఏమీ కాదు. ఎరువుల కొట్టు పైన రెండు గదులు. ఒకదాంట్లో మైకు, ఒకదాంట్లో నేను, మధ్యలో ఒక అద్దం. మైకుసెట్లు బాగుచేసుకునే ఇంట్లో పుట్టి, క్యాసెట్లు నింపుకుని బతికి, చివరికి రికార్డింగులోకి వచ్చాను. పెళ్ళి పాటలు, ఎన్నికల పాటలు, పురుగుమందుల ప్రచారాలు ఏవైనా చేసేవాణ్ణి. కానీ శివరాత్రి ముందు నెల మాత్రం ఊపిరాడేది కాదు.

కోటప్పకొండ తిరునాళ్ళకి చుట్టుపక్కల ఊళ్ళు ప్రభలు కడతాయి. వెదుళ్ళతో మేడలకన్నా ఎత్తుగా నిలబెట్టి, గుడ్డలు బిగించి, బల్బులు చుట్టి, ఊరు ఊరంతా కలిసి కొండ దాకా నడిపించుకుపోతారు. ప్రభ అంటే ఊరి పరువు. ఎత్తులో పోటీ, లైట్లలో పోటీ, స్పీకర్లు వచ్చాక పాటలోనూ పోటీ. ఏ ఊరి ప్రభకి ఆ ఊరి పాట ఉండాలి. ఆ పాట కొండ కిందికి చేరేదాకా బయటికి పొక్కకూడదు. పాడినవాళ్ళ చేతికి కూడా ఇవ్వరు. పెన్‌డ్రైవులో ఎక్కించి ఇస్తే, కమిటీ పెద్ద చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి తియ్యకుండా నా మెట్లు దిగేవాడు. పెళ్ళికూతురి నగల్ని కూడా అంత భద్రంగా తీసుకుపోరు.

ఇక బీటు కట్టినతను. నా దగ్గర పనిచేసేవాడు. పెళ్ళాం పిల్లలున్న మనిషి, కీబోర్డు మీదా ప్యాడ్ల మీదా చెయ్యి తిరిగినవాడు. వాళ్ళ నాయన కనకతప్పెట వాయిస్తాడు. ఒకప్పుడు ఏ ఊరి ప్రభ కదలాలన్నా ముందు ఆయన తప్పెట కదలాలి. ట్రాక్టర్ల మీద స్పీకర్లు ఎక్కాక ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఆ ఏడాది కొడుకు తండ్రిని స్టూడియోకి తీసుకొచ్చాడు. తోలు బిగిసేదాకా తప్పెట కాచుకోవాలని ముసలాయన పట్టుబడితే, మేడ మీద కొబ్బరిపీచు రాజేసి కాచుకున్నారు. కింద ఎరువుల కొట్టాయన "భాయ్, కొట్టు తగలబెడతావా ఏంది!" అని వీధిలోకి వచ్చి ఒకటే గోల.

ముసలాయనకి కుడి మణికట్టు అరిగిపోయింది. నాలుగు దెబ్బల్లో ఆఖరిది కాస్త ఆలస్యంగా పడుతోంది. కంప్యూటరులో చూస్తే ఆ ఒక్క గీత మిగతావాటికి దూరంగా జరిగి నిలబడి ఉంది. నేను దాన్ని సరిచేద్దామన్నాను. కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది ముట్టుకోబాకు భాయ్. జనం అడుగేసేది ఆడే."

దాని కింద లోతుగా ఒక మోత పెట్టాడు, పైన అక్కడక్కడా చిన్న గంట. అంతే. ఇంకేమీ లేదు. రెండుసార్లు విన్నాక చూస్తే నా కాలు నా మాట వినకుండా నేలకి కొట్టుకుంటోంది. ఎన్ని వేల బీట్లు విన్న కాలో అది!

దాని మీద మొదట పాడింది ఒక మిరపకోత కూలీ. వెల్దుర్తి వైపు మెట్ట ఊరామె. ఏటా కోతల కాలంలో ముఠాతో దిగి, కొండకి దగ్గర్లోని ఒక ఊరి చేలల్లో పనిచేసి, కోతలవగానే వెళ్ళిపోయేది. ఆ ఊరి ప్రభ కమిటీ పెద్ద ఆమె పనిచేసే చేను ఆసామే. చేలో ఆమె పాట విని, "ఈ ఏడు మా ప్రభకి ఈమె గొంతే" అని తనే తీసుకొచ్చాడు.

హెడ్‌ఫోను పెట్టి అద్దం అవతల నిలబెడితే ఆమె బళ్ళో ప్రార్థన చేసే పిల్లలా బిగుసుకుపోయింది. గొంతు నూతిలోంచి వస్తోంది. మూడోసారి కూడా అంతే. ఆసామి మొహం మాడ్చుకున్నాడు. ఆమె తనే హెడ్‌ఫోను తీసి బయటికొచ్చింది.

"చేతులు ఊరుకుంటే నాకు గొంతు లేవదు సాయిబూ. ఏదన్నా పని జూపీ."

"ఇక్కడ ఏం పనుంటదమ్మా?"

"నాలుగు ఎండుమిరగాయలు తెప్పీ. తొడిమలు తీసుకుంటా పాడతా."

తెప్పించాం. ఫ్యాను ఆపిన గదిలో, కింద కూర్చుని, ఒళ్ళో మిరపకాయలు పోసుకుని తొడిమలు తుంచుతూ పాడింది. ఆ ఘాటుకి అద్దం ఇవతల ఉన్న మేమంతా దగ్గీ తుమ్మీ నానా చావూ చచ్చాం. ఆమెకి కన్ను కూడా చెమర్చలేదు. పాట ఆమె సొంతమే, చేలో కట్టుకున్నది.

కొండ దిగి రావయ్య కోటయ్యా
మాతోటి ఒక సాలు పట్టయ్యా
రెండు కళ్ళకె మాకు ఇంత మంటయ్యా
మూడు కళ్ళోడివి, నీకెంత మంటయ్యా

నేను తుమ్ము ఆపుకుని విన్నాను. ఎంత చనువండీ దేవుడితో! ఆయన్నే కూలికి పిలుస్తోంది. పైగా జాలి కూడా పడుతోంది. ముసలాయన తడబడిన ఆ నాలుగో దెబ్బ మీదే ఆమె "కోటయ్యా" అని దించింది. ఎవరూ చెప్పలేదు.

అయిపోగానే ఆమె అడిగిన మొదటి మాట, "నాకు ఇనపడదా?"

ఆసామి అప్పటికే పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నాడు. "కొండ కాడ ఇందువులేమ్మా, పద. ఆడ కోత ఆగిపోయింది." ఆమె కాదనలేదు. మెట్లు దిగుతూ నావైపు తిరిగి, "కొండ కాడ గట్టిగా ఇనపడుద్ది గదా సాయిబూ?" అంది. కొండ అదిరేటట్టు వినపడుతుందన్నాను. ఆ మొహంలో వెలుగు చూడాలి మీరు.

అక్కడితో ఆగితే ఈ కథ లేదు. మర్నాడు ఒక బుర్రకథ పెద్దాయన తన ఊరి ప్రభ పాటకి వచ్చాడు. ఆయనకి వేరే బీటు సిద్ధంగా పెట్టాం. లోపలి గదిలో మావాడు తప్పెట బీటు సరిచూసుకుంటున్నాడు, తలుపు సందులోంచి వినపడింది. పెద్దాయన కండువా దులిపి లేచాడు.

"ఆ డబ్బా మోత నాకొద్దయ్యా. ఇదిగో, దీని మీద పాడతా."

"అది వేరే ఊరిది పెద్దాయనా."

"పాట ఆళ్ళది. దరువు తప్పెటది. తప్పెట ఎవడబ్బ సొమ్మయ్యా?"

నేను మావాణ్ణి పక్కకి లాగాను. ఒకే బీటు రెండూళ్ళకి ఇస్తే కొండ కింద తలకాయలు పగులుతాయిరా అన్నాను. వాడు నవ్వుతూ, "నేనియ్యలా భాయ్. ఆయనే ఎక్కాడు" అన్నాడు.

ఎక్కాడు కానీ పడిపోతున్నాడు! బుర్రకథ మనిషి కదా, యుద్ధం ఘట్టం వచ్చేసరికి పరుగందుకుంటాడు, బీటేమో తన నడక తనదే. "నేను పరిగెత్తతా ఉంటే నీ మిషను నడుస్తదేందయ్యా!" అని నా మీద కేకలు. చివరికి ఆయనే కిటుకు కనిపెట్టాడు. దరువు పరుగెత్తకపోతే మాటల్ని పరుగెత్తించాడు, ఒక దెబ్బకి రెండేసి మాటలు. ఆ పరుగయ్యాక మాత్రం చాలాసేపు ఉత్త దరువే వదిలేశాడు. అది బోసిగా ఉంది, ఏదైనా నింపుదామన్నాను.

"నాకు ఊపిరొద్దా? ఆడ జనం అందుకుంటారు, ఉంచు."

సరే, ఉంచాను. ఆ వయసులో ఆ గొంతు, ఆ ఖంగుమనే మాట! మైకుకి మూరెడు దూరంలో నిలబెట్టినా నా మీటరులో ఎర్రలైటు ఆగలేదు.

మూడో అతను ఆటో డ్రైవరు. గురజాల వైపు నుంచి వచ్చి పేటలో ఆటో నడుపుకునేవాడు. అత్తగారి ఊరి ప్రభకి పాడతానని మాటిచ్చి వచ్చాడు. చేతిలో కాగితం లేదు, నోట్లో పాట లేదు. బీటు పెట్టండన్నాడు. మావాడు ఆ తప్పెట బీటే పెట్టేశాడు. పెట్టగానే పేట నుంచి కొండ దాకా దారిలో ఉన్న ఊళ్ళ పేర్లూ మలుపుల పేర్లూ, స్టాపులు అరిచినట్టు గుక్కతిప్పుకోకుండా అందుకున్నాడు. మధ్యమధ్యలో "సర్దుకో సర్దుకో, సామి కూడా ఎక్కుతుండు" అని ఒక విసురు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. మూడు గొంతులు, మూడు దారులు. కింద నడిచేది మాత్రం ఒక్క ముసలాయన చెయ్యి. అన్నేళ్ళ పనిలో నేను అలాంటి వారం చూడలేదు.

అయితే పాట బయట పెట్టకూడదని ఆటో అతనికి వందసార్లు చెప్పాం. తల ఊపాడు. కానీ తన గొంతు తనకే ముద్దొచ్చింది పాపం. మావాణ్ణి బతిమాలి ఫోన్లో ఎక్కించుకున్నాడు. ఆటోలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. ప్రభకి బల్బులు కొనడానికి పేట వచ్చిన మన కమిటీ పెద్ద, ఆసామి, లోకంలో ఇంకో ఆటో లేనట్టు ఆ ఆటోనే ఎక్కాడు.

సగం దారిలో దిగిపోయి నా మెట్లెక్కాడు. రొప్పుతున్నాడు.

"ఇది పద్ధతేనా భాయ్? మా దరువు ఆటోల్లో మోగుతుందేంది?"

"పాట వేరు గదా పెద్దయ్యా" అన్నాడు మావాడు.

"పాటెవడిక్కావాల! దరువు ఎంగిలయింది. ఎంగిలి విస్తరి తీసుకెళ్ళి దేవుడి ముందు పెడతామా? మా ఊరి పరువేం గావాల?"

"మా నాయన ఈ దరువే మీ ప్రభ ముందూ వాయించాడు, పక్కూరి ప్రభ ముందూ వాయించాడు. ఏ ఊరోళ్ళూ ఎంగిలనలా."

"అదంటే మనిషి వాయించేది. ఇది రికార్డింగు!"

అనేసి విసవిసా మెట్లు దిగిపోయాడు. ఆ సాయంత్రమే వాళ్ళు ఇంకెక్కడో పాట చేయించుకున్నారని తెలిసింది. మిరపకోత ఆమె పాట ప్రభ ఎక్కదన్నమాట.

మేమిద్దరం బండి మీద చేలోకి వెళ్ళాం, ఎవరో అంటే వినేకన్నా మేం చెప్పడం మర్యాదని. ముఠా అంతా సాళ్ళలో వంగి ఉన్నారు. మమ్మల్ని చూడగానే ఆమె నడుం ఎత్తి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఎదురొచ్చింది. తన పాట సంగతి మాట్లాడటానికే వచ్చామనుకుని ముందే నవ్వుతోంది. వెల్దుర్తికి ఫోను చేయించి చుట్టాల్ని కూడా తిరునాళ్ళకి రమ్మందట. మావాడు తల దించుకున్నాడు. నేనే చెప్పాను.

"నా గొంతు బాగలేదా?" అంది.

"అయ్యో, అదేం లేదమ్మా! ఆ దరువు వేరే ఊళ్ళోళ్ళు కూడా వాడారని..."

"వాడితే? బాగుందనేగా వాడింది!"

ఇదీ నిజమే కదా. పోనీ ఫోన్లో వినిపిస్తానని జేబులో చెయ్యి పెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సాయిబూ. సన్నగా చెవి కాడ ఇని ఏం జేసుకుంటా? కొండ కాడ ఇంటానని అందరికీ చెప్పుకున్నా. ఇప్పుడు మొహం యాడ పెట్టుకోవాల?"

తిరిగి వంగి కాయ కోయడం మొదలుపెట్టింది. పాట లేదు. ముఠాలో ఒక్కరూ ఎత్తలేదు.

తిరునాళ్ళ రోజు నేనూ మావాడూ బుర్రకథ పెద్దాయన ఊరి ట్రాక్టరు మీద ఉన్నాం, వాళ్ళ మిక్సరు కుర్రవాడికి తోడుగా. ఎవరూ పిలవకపోయినా మావాడి నాయన కూడా తప్పెట భుజాన వేసుకుని మా వెంట నడిచొచ్చాడు. మధ్యాహ్నం ఎండ మాడుస్తోంది. కొండ కింద మలుపులో ప్రభలన్నీ బారులు తీరి ఆగిపోయాయి. ముందు ఆసామి ఊరి ప్రభ, వెనక మాది, మా వెనక ఆటో అతని అత్తగారి ఊరిది. ఏం రాతో! ఆసామి ప్రభ మీద కొత్తగా చేయించుకున్న పాట మోగుతోంది. చప్పుడుంది కానీ పాట లేదు. దాని వెనక మిరపకోత ముఠా, తలలకి గుడ్డలు చుట్టుకుని, వెల్దుర్తి చుట్టాలతో సహా, మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. చుట్టాలకి ఏం చెప్పిందో ఏమో!

వాళ్ళ పాట అయిపోయింది. మావాళ్ళు బుర్రకథ పాట ఎత్తారు. తప్పెట పడగానే ముందు ప్రభ మనుషులు గిర్రున తిరిగారు.

"ఒరేయ్, అది మా దరువు! ఆపండ్రా!"

ఎంగిలని వదిలేసినవాళ్ళే మాదంటున్నారు చూశారా? మావాళ్ళు ఊరుకుంటారా? "మీదైతే మీ ప్రభ మీద మోగదేందిరా?" అని వీళ్ళు. చొక్కాలు పట్టుకున్నారు. ఒకరిద్దరి చేతుల్లోకి వెదురు ముక్కలొచ్చాయి. నేను చెప్పిన తలకాయలు పగిలే ఘడియ వచ్చేసిందనుకుని మిక్సరు మీద చెయ్యి వేశాను, ఆపేద్దామని.

సరిగ్గా అప్పుడు పెద్దాయన ఊపిరి కోసం వదిలిన ఉత్త దరువు వచ్చింది. ఆ ఖాళీలోకి కింది నుంచి, మైకు లేకుండా, ఒక గొంతు లేచింది.

"కొండ దిగి రావయ్య కోటయ్యా..."

ఆమే. రోడ్డు మధ్యలో నిలబడి, చేతులు ఊరుకోక కొంగు చివర నలుపుతూ పాడుతోంది. ముఠా అందుకుంది. మిక్సరు మీది నా చెయ్యి తీసేశాను. ఆ ఉత్త దరువునే మళ్ళీ మళ్ళీ తిప్పమని కుర్రవాడికి సైగ చేశాను. బుర్రకథ పెద్దాయన ట్రాక్టరు మీది నుంచి కిందికి వంగి తన మైకు ఆమె చేతికిచ్చాడు. ఏ ఊరి కళాకారుడు ఏ ఊరి మనిషికిచ్చాడో ఆలోచించండి. మూడు కళ్ళ మంట దగ్గరికొచ్చేసరికి జనం ఘొల్లున నవ్వారు. చొక్కాలు పట్టుకున్నవాళ్ళు కూడా, పట్టుకున్న చొక్కాలు వదలకుండానే నవ్వారు.

ఆమె పాట ముగించగానే పెద్దాయన మైకు తీసుకుని ముందు ప్రభ వైపు తిరిగాడు.

"ఏమయ్యా కమిటీ పెద్దా! ఈమె మీ చేలో మనిషే గదా? ఈ పాట మీ ఊరిదే గదా? మా ప్రభ మీద మోగుతుంది. మీ ప్రభకి నోరు పడిపోయిందా?"

ఆసామి మొహం కందగడ్డయింది. చుట్టూ చూశాడు. ఊరంతా ఆయన్నే చూస్తోంది. చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. పెన్‌డ్రైవు తీశాడు. పారెయ్యలేదండీ! ఎంగిలన్నాడు కానీ జేబులోంచి తియ్యలేదు. "ఎయ్యండిరా" అన్నాడు.

ఇక చూడండి. ముందు ప్రభ మీద ఆమె పాట మోగింది. అది అవుతుండగానే మా ప్రభ మీద బుర్రకథ. అది ఆగకముందే వెనక ప్రభ మీద ఆటో అతను "సర్దుకో సర్దుకో" అని. మళ్ళీ మొదటికి. గొంతు మారుతోంది, ఊరు మారుతోంది, దరువు మాత్రం మలుపంతా ఒక్క క్షణం ఆగడం లేదు. ఒక ప్రభకీ ఇంకో ప్రభకీ మధ్య దరువు కాస్త అటూ ఇటూ అవుతోంది, ఎవడిక్కావాలి? మూడు ప్రభల ముందు మావాడి నాయన, అరిగిన మణికట్టుతో, నిజం తప్పెట వాయిస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. మూడూళ్ళ జనం ఆయన నాలుగో దెబ్బ కోసం కాలెత్తి ఆగి, అది పడ్డాక అడుగేస్తున్నారు. మావాడు నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, "మిరపఘాటు భాయ్" అన్నాడు. అక్కడ మిరపకాయ ఎక్కడిది?

ఎండ తగ్గాక ప్రభలు కదిలాయి. నేను ట్రాక్టరు దిగి ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. చుట్టాల మధ్య రోడ్డు పక్కన కూలబడి నీళ్ళు తాగుతోంది. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"విన్నావా తల్లీ, నీ పాట?"

"యాడ ఇన్నా సాయిబూ! అది ఎయ్యంగానే మావోళ్ళంతా నోళ్ళు తెరిచారు. ఆళ్ళని చూసి మిగతా రెండూళ్ళోళ్ళూ అందుకున్నారు. అందులో నా గొంతేదో నాకే తెలవలా."

ఇప్పుడైనా ఫోన్లో వినిపిస్తానని తీశాను. ఆమె ఫోను వైపు చూసి, మిగిలిన నీళ్ళు ఒక్క గుక్కలో తాగి లేచింది.

"ఎందుకింక?" అని నవ్వి, చుట్టాల్ని పిలుచుకుని కొండ మెట్లవైపు వెళ్ళిపోయింది.